ఎథిక్స్ కమిటీకి పర్యావరణ మార్గదర్శకం రాయాలా? ఫ్రీజర్ గదిలో మొదలుపెట్టండి

మూడేళ్ల కిందట, మనుషులపై చేసే పరిశోధనలను పరిశీలించి అనుమతిచ్చే మా సంస్థ ఎథిక్స్ కమిటీ కోసం, పర్యావరణానికి హాని తగ్గించడం గురించి 14 పేజీల పత్రం ఒకటి రాశాను. పేరు ఘనంగానే పెట్టాను. సుస్థిరత, భావితరాలు, పుడమితల్లి లాంటి మాటలు పేజీకి నాలుగు చొప్పున పడ్డాయి. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ తెరవలేదు, నాతో సహా.

కొన్నాళ్లకి ఒక ట్రయల్ (మనుషుల మీద మందునో చికిత్సనో పరీక్షించే అధ్యయనం) ప్రపోజల్ చర్చకొచ్చింది. మా కమిటీలో సాధారణ సభ్యురాలిగా ఉన్న రిటైర్డ్ టీచరు గారు అంతా విని, "ఈ రక్తం తీసిన ట్యూబులన్నీ చివరికి ఎక్కడికి పోతాయి సార్?" అని అడిగారు. గదిలో 11 మందిమి ఉన్నాం, అందులో నలుగురు ప్రొఫెసర్లు. ఎవరికీ తెలియదు. "వ్యాన్ వస్తుందండీ, తీసుకెళ్తుంది" అన్నాను నేను. ఆవిడ తల ఊపి ఊరుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు భోజనం సయించలేదు.

రెండోసారి రాసిన పత్రం 3 పేజీలు. అది నడుస్తోంది. హైదరాబాద్‌లో మెడికల్ కాలేజీలోనో, ఆసుపత్రిలోనో, ల్యాబ్‌లోనో, ఫీల్డ్ సర్వేలు చేసే సంస్థలోనో మీరు ఇలాంటి పత్రం రాయాల్సి వస్తే ఏ వరసలో చేయాలో చెబుతాను. వరస ముఖ్యం. నేను మొదట తలకిందులుగా చేశాను: ముందు రాసి, తర్వాత చూశాను.

1. ఇది మీ పనేనని ముందు తేల్చుకోండి

మొదటి మీటింగ్‌లోనే ఎవరో ఒకరు అంటారు: "ఇది పొల్యూషన్ బోర్డు పని కదండీ, ఎథిక్స్ కమిటీకి ఎందుకు?" జవాబు మీ ఫైల్లో ఉండాలి, ఒక్క పేజీలో.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో తెచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాల్లో 12 సాధారణ సూత్రాలున్నాయి. మొదటి పదకొండూ మనవాళ్లకి కంఠతా వచ్చు. పన్నెండోది పర్యావరణ పరిరక్షణ. పరిశోధనలోని ప్రతి దశలోనూ పర్యావరణాన్నీ వనరులనూ కాపాడాల్సిన బాధ్యత పరిశోధకులదేనని అది చెబుతుంది. పెళ్లి భోజనంలో చివర్న వడ్డించే పెరుగులాగా చాలామంది అక్కడిదాకా రాకముందే లేచిపోతారు. ఇక మనుషులపై వైద్య పరిశోధనకు ప్రపంచ వైద్య సంఘం పెట్టిన నైతిక సూత్రాలు, అంటే 1964 నాటి హెల్సింకి ప్రకటన. పర్యావరణానికి హాని తగ్గించాలన్న మాట అందులో ఇంతకుముందే ఉంది. 2024 అక్టోబరులో జరిగిన సవరణలో దాన్ని ఇంకా గట్టిగా రాశారు: పరిశోధనను రూపొందించేటప్పుడే హాని లేకుండా, లేదా వీలైనంత తక్కువ ఉండేలా చూడాలి, పర్యావరణ సుస్థిరత కోసం పాటుపడాలి. "రూపొందించేటప్పుడే" అన్న మాట కింద గీత గీయండి. ప్రపోజల్‌ని రూపొందించే దశలో చూసేది మీ కమిటీయే కదా.

2016 నాటి బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు కూడా అదే పేజీలో పెట్టండి. కాకపోతే తేడా చెప్పండి. చెత్తను ఏ రంగు కవర్లో వేయాలో నిబంధన చెబుతుంది. అసలు ఆ చెత్త పుట్టాలా అని అడిగేది ఎథిక్స్.

ఇంకా నసిగేవాళ్లుంటే హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు గుర్తుచేయండి. అక్కడ మందుల ముడిసరుకు తయారుచేసే దాదాపు 90 బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. రోగం తగ్గించే పని చేస్తున్నాం కాబట్టి మన చేతులు శుభ్రంగా ఉంటాయన్న నమ్మకం ఈ ఊళ్లో చెల్లదు.

2. బల్ల చుట్టూ ఎవరు కూర్చోవాలి

2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, సగం మంది సంస్థకు బయటివాళ్లు కావాలి, ఒక సాధారణ వ్యక్తి ఉండాలి. మార్గదర్శకం రాసే చిన్న బృందానికి ఆ కూర్పు సరిపోదు. నా మొదటి బృందంలో అందరం డాక్టర్లమే. రెండోసారి ఐదుగుర్ని పిలిచాను: ఫ్రీజర్ల తాళాలుండే ల్యాబ్ టెక్నీషియన్, కొనుగోళ్లు చూసే స్టోర్స్ గుమాస్తా, ఎలక్ట్రికల్ సెక్షన్ నుంచి ఒకరు, కవర్లు కట్టే హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరమ్మ, ఆ టీచరు గారు. పరిశోధకుల తరఫున ఒక్క పీఐ (అధ్యయనానికి బాధ్యుడైన ప్రధాన పరిశోధకుడు) చాలు, అదీ ఏడాదికి రెండు మూడు ట్రయల్స్ నడిపే మనిషి అయితే మంచిది.

సూపర్‌వైజరమ్మ మొదటి రోజు మాట్లాడలేదు. రెండో రోజు, కాల్చడానికి పంపే పసుపు కవర్ల గురించి ఒక్క మాటన్నారు: "పసుపు కవర్లో సగం అట్టపెట్టెలే ఉంటాయి సార్, వాటిని కాల్చుడెందుకు?" మా 14 పేజీల్లో ఆ ప్రశ్న ఎక్కడా లేదు.

3. రాయకముందు వెళ్లి చూడండి

రెండు చోట్లకి వెళ్లాలి. మొదటిది ఫ్రీజర్ గది.

మే నెలలో, మధ్యాహ్నం పూట వెళ్లండి. బయట 42 డిగ్రీలు. లోపల మైనస్ 80 ఫ్రీజర్లు వరసగా వేడి కక్కుతుంటాయి, ఆ వేడిని బయటికి తోయడానికి రెండు ఏసీలు ఆయాసపడుతుంటాయి. మా గదిలో నాలుగు ఫ్రీజర్లున్నాయి. మూడోదాని తలుపు తీస్తే గడ్డకట్టిన మంచు అంగుళం మందాన ఉంది. కింది అరలో అట్టడబ్బాలు. వాటిమీద మాస్కింగ్ టేపు, టేపు మీద మార్కర్‌తో రాసిన అక్షరాలు. "ప్రాజెక్ట్ బి, విజిట్ 3" అనేది చదవగలిగాం. ప్రాజెక్ట్ బి ఎవరిదని టెక్నీషియన్‌ని అడిగితే, "నేను జాయినైనప్పటికే ఉందండీ" అన్నాడు. అతను జాయినై ఎనిమిదేళ్లయింది.

ఆ ఫ్రీజర్‌కి ఎలక్ట్రికల్ సెక్షన్ వాళ్లతో మీటర్ పెట్టించాం. రోజుకి 19 యూనిట్లు. ఏడాదికి 6,900 పైచిలుకు. నెలకి 200 యూనిట్లు కాల్చే ఇళ్లు దాదాపు మూడింటికి సరిపోయే కరెంటు. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని వేసుకుంటే 4.8 టన్నులు. ఇందులో ఏసీ ఖర్చు కలపలేదు, కరెంటు పోయినప్పుడు జనరేటర్ తాగే డీజిల్ కలపలేదు.

ఇది కరెంటు బిల్లు విషయమే అయితే ఎథిక్స్ కమిటీకి పని లేదు. కానీ ఆ డబ్బాల్లో ఉన్నది ఎవరో చెయ్యి చాపి ఇచ్చిన రక్తం. ఐదేళ్లు దాచి వాడతామని కన్సెంట్ ఫారంలో (వాళ్లు సంతకం పెట్టే అంగీకార పత్రంలో) రాసి, పదేళ్లు దాచి వాడకుండా ఉంచితే ఆ మనిషికిచ్చిన మాటా తప్పాం, కరెంటూ దండగ చేశాం. మా పత్రంలో మొదటి నిబంధన ఇక్కడే పుట్టింది: దాచిన ప్రతి శాంపిల్‌కీ ఒక యజమాని పేరు, ఒక గడువు తేదీ ఉండాలి. గడువు తీరాక పొడిగించాలంటే పీఐ కారణం రాసి కమిటీకి పంపాలి. తీసేయాలన్నా కమిటీకి చెప్పే తీసేయాలి, సొంతంగా బయట పడేయకూడదు. రక్తం శాంపిళ్లను ముందు సంస్థలోనే ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన వేడి ఆవిరి) లాంటి పద్ధతిలో శుద్ధి చేయాలన్నది ఎలాగూ నిబంధనల్లో ఉన్నదే.

ఇంకో మాట. మైనస్ 80 బదులు మైనస్ 70 దగ్గర పెడితే కరెంటు 30 శాతం దాకా తగ్గుతుందని కొలిచి చూసిన ల్యాబులు చెబుతున్నాయి. అన్ని శాంపిళ్లకీ ఇది కుదరదు. ఒక ఫ్రీజర్లో, ఏ శాంపిళ్లు తట్టుకుంటాయో తెలిసినవి మాత్రమే పెట్టి మొదలుపెట్టండి. ఫిల్టర్ దుమ్ము దులపడం, మంచు గీకడం మాత్రం రేపే చేయొచ్చు. దానికి కమిటీ తీర్మానం అక్కర్లేదు.

రెండో చోటు, చెత్త వెళ్లే దారి. వ్యాన్ వెనకాల వెళ్లండి. నేను వెళ్లాను, అనుమతి తీసుకునే. పసుపు కవరు భట్టీలోకి పోతుంది, బూడిద మిగులుతుంది, ఆ బూడిదను ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోటికి తీసుకెళ్తారు. ఎర్ర కవర్లోని ప్లాస్టిక్ ట్యూబులు, గ్లోవ్స్ ఆవిరిలో శుద్ధై, ముక్కలై, రీసైక్లింగ్‌కి పోతాయి. సూదులు తెల్ల డబ్బాలో, గాజు నీలం రంగు దాంట్లో. శుభ్రమైన అట్టపెట్టె పసుపులో పడిందంటే మంచి కాగితాన్ని డబ్బులిచ్చి కాల్పించుకున్నట్టే. ఇదంతా చూసొచ్చాక టీచరు గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ "ఆ బూడిద పూడ్చే చోట చుట్టుపక్కల ఊళ్లున్నాయా?" అని అడిగారు. ఉన్నాయి.

4. ఒకే ఒక్క అధ్యయనాన్ని తీసుకుని లెక్కకట్టండి

సంస్థ మొత్తం కార్బన్ లెక్క వేస్తామని దిగకండి. కన్సల్టెంట్లు వస్తారు, రిపోర్టు వస్తుంది, బీరువాలోకి పోతుంది. ఈమధ్యే ముగిసిన ఒక మాదిరి ట్రయల్ తీసుకోండి. కాగితం మీద నాలుగు గడులు: రాకపోకలు, కిట్లు, నిల్వ, ఆఫీసు.

రాకపోకల లెక్క ఇలా ఉంటుంది. 120 మంది పార్టిసిపెంట్లు, ఆరు విజిట్లు, రానూపోనూ సగటున 30 కిలోమీటర్లు అనుకుందాం. 21,600 కిలోమీటర్లు. ఆరింటిలో రెండు విజిట్లు ప్రశ్నలు అడగడానికే అయితే, వాటిని ఫోన్‌లో ముగిస్తే 7,200 కిలోమీటర్లు తగ్గుతాయి. అంతకంటే ముఖ్యంగా, మేడ్చల్ నుంచో సంగారెడ్డి నుంచో రెండు బస్సులు మారి వచ్చే మనిషికి రెండు రోజుల కూలి మిగులుతుంది. ఇలాంటివి ముందు పట్టుకోండి. మనిషికీ లాభం, గాలికీ లాభం, ఎవరూ వాదించరు.

కిట్ల దగ్గర కడుపు మండుతుంది. ట్రయల్ శాంపిళ్లన్నిటినీ ఒకేచోట పరీక్షించే సెంట్రల్ ల్యాబ్ నుంచి విజిట్‌కో కిట్ వస్తుంది. మేం ఒక కిట్ విప్పి బల్లమీద పరిచాం: ట్యూబులు 12, లేబుళ్లు, సూదులు, జిప్ కవర్లు, మూడు భాషల్లో కాగితం. ఆ విజిట్‌కి వాడేది 5 ట్యూబులు. మిగిలిన ఏడూ అలాగే చెత్తలోకి, ఎందుకంటే ఆ బార్‌కోడ్ ఇంకో రోగికి పనికిరాదు. గడువు తీరిన కిట్లు విడిగా ఇంకో బీరువా నిండా ఉన్నాయి. మెట్ల కింద థర్మాకోల్ డబ్బాల గుట్ట. సైట్ స్థాయిలో మీరు కిట్ మార్చలేరు, నిజమే. కానీ స్పాన్సర్‌ని, అంటే ట్రయల్ చేయించే కంపెనీని, రెండు విషయాలు అడగొచ్చు: చేరే వాళ్ల సంఖ్యను బట్టి విడతలుగా పంపమని, డబ్బాలు వెనక్కి తీసుకోమని. రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే "పైకి చెబుతాం సార్" అంటారు, పైన ఎవరుంటారో ఎవరికీ తెలియదు.

ఆఫీసు గడిని ఎవరూ పట్టించుకోరు, అక్కడే ఆశ్చర్యం ఎదురవుతుంది. తలకు గాయమైన వాళ్లపై జరిగిన క్రాష్ అనే పెద్ద అంతర్జాతీయ ట్రయల్‌కి ఏడాది లెక్క కట్టి 2007లో ప్రచురించారు. మొత్తం 126 టన్నుల కార్బన్ ఉద్గారాల్లో 39 శాతం సమన్వయ కేంద్రానిదే, అంటే ఆఫీసుది. మందులు, కాగితాల రవాణాది 28 శాతం. మన దగ్గర ట్రయల్ సరిగ్గా నడుస్తోందా అని తనిఖీ చేసే మానిటర్లు బెంగళూరు నుంచి విమానంలో వచ్చి, ఆన్‌లైన్లోనే చూడగలిగే ఫైళ్లను ఏసీ గదిలో చూసి, సాయంత్రం విమానంలో వెళ్లిపోతారు. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్‌కి 2023 నుంచి వందే భారత్ ఉంది. విజిట్లలో ఏవి దూరం నుంచి చేయొచ్చో ప్రపోజల్‌లోనే రాయించండి, తప్పనిసరిగా రావాల్సినవాటికి రైలు.

5. ఏది ముందు, ఏది వెనక: ఇది రాయకపోతే పత్రం వ్యర్థం

రెండు విలువలు ఢీకొన్నప్పుడు ఏం చేయాలో చెప్పని మార్గదర్శకం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మేం పెట్టుకున్న వరస ఇది.

అన్నిటికంటే ముందు, ఈ అధ్యయనం అవసరమా? ఇయన్ చామర్స్, పాల్ గ్లాస్జియూ అనే పరిశోధకులు 2009లో వైద్య పరిశోధన పెట్టుబడిలో 85 శాతం దాకా వృథా అవుతోందని అంచనా వేశారు. కారణాలు మనకు తెలిసినవే: ఇదివరకే జవాబున్న ప్రశ్న, సరిగా లేని డిజైన్, ప్రచురించని ఫలితం. చేయనక్కర్లేని ట్రయల్‌ని సోలార్ కరెంటుతో చేసినా అది వృథాయే. కాబట్టి ముందు పాత సాహిత్యం చూశారా, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఇదే పని ఇంకెవరైనా చేస్తున్నారేమో వెతికారా అని అడగండి. శాంపిల్ సైజు (అధ్యయనంలో చేర్చే మనుషుల సంఖ్య) చాలకపోతే ఆపండి. పర్యావరణం పేరెత్తకుండానే పర్యావరణానికి చేసే పెద్ద మేలు ఇదే అనుకుంటాను.

తర్వాత పార్టిసిపెంట్ భద్రత. భద్రత కోసం చేసే రక్తపరీక్షను ప్లాస్టిక్ మిగులుతుందని తగ్గించకూడదు. ఇందులో బేరం లేదు.

ఆ తర్వాత ఫలితం నమ్మదగ్గదేనా అన్నది. దానికి అవసరమైన నిల్వ, నియంత్రణ ఉండాల్సిందే.

ఈ మూడూ నిలబడ్డాక, ఒకే ఫలితమిచ్చే రెండు దారులుంటే తక్కువ హాని చేసేదాన్ని ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే ఎందుకో రాయాలి. మా పత్రానికి వెన్నెముక ఈ ఒక్క వాక్యమే.

ఇంకోటి చేర్చాం, అదీ గొడవపడి. హాని తగ్గించే భారం పేదవాళ్ల నెత్తిన పడకూడదు. మా దగ్గర ఒక పీఐ ఉత్సాహంగా "పార్టిసిపెంట్లకు ఆటో డబ్బులు తీసేసి బస్సు పాసులిద్దాం" అని రాసుకొచ్చారు. మోకాళ్ల నొప్పుల అధ్యయనం అది! ఫీల్డ్ వర్కర్లను కాగితం వద్దు, ఫోన్‌లోనే నింపండి అంటున్నాం సరే, ఫోన్ ఎవరిది, డేటా డబ్బులు ఎవరివి? వాడిపడేసిన ట్యాబ్‌లు కూడా చెత్తే, వాటికి వేరే ఈ-వేస్ట్ నిబంధనలున్నాయి. కాగితం మానేశామని ఫొటో దిగే ముందు ఇవి ఆలోచించండి.

6. ఇప్పుడు రాయండి: ప్రశ్నలుగా, తెలుగులో కూడా

సూత్రాలు అర పేజీ చాలు. మిగతాది ప్రపోజల్ ఫారంలో చేరే ప్రశ్నలు. మావి ఆరున్నాయి. ఈ ప్రశ్నకి జవాబు ఇదివరకే ఉందేమో ఎక్కడ వెతికారు? విజిట్లలో ఏవి ఫోన్‌లో చేయొచ్చు, చేయకపోతే ఎందుకు? ఒక్కో పార్టిసిపెంట్‌కి ఎన్ని ట్యూబులు, అందులో ఎన్ని వాడతారు? శాంపిళ్లు ఏ ఉష్ణోగ్రతలో, ఎంతకాలం, ఎవరి పేరు మీద? ద్రవ రసాయనాలు, మిగిలిన మందులు ఎక్కడికి పోతాయి? వీటికయ్యే ఖర్చు బడ్జెట్‌లో ఏ పద్దు కింద చూపించారు?

చివరి ప్రశ్న మర్చిపోవద్దు. కొంచెం ఖరీదైనా తిరిగి వాడగలిగే డబ్బాలు కొంటామంటే గ్రాంటు ఇచ్చేవాళ్లు ఒప్పుకోరని పీఐలు ముందే అనుకుంటారు. ఎథిక్స్ కమిటీ అడిగిందని ఒక లైనుంటే అది వాళ్లకి చేతిలో ఆయుధం.

పీజీ విద్యార్థుల థీసిస్‌లకి ఈ ఆరూ అడగకండి. 100 మందికి ప్రశ్నావళి పంచే పిల్లవాడికి మొదటిదీ నాలుగోదీ చాలు. లేకపోతే గూగుల్‌లో దొరికిన పేరా ఒకటి అందరూ అతికిస్తారు, అది చదవలేక మీరు చస్తారు.

కన్సెంట్ ఫారంలో ఒక్క వాక్యం చేర్చండి. మాది ఇది: "మీ రక్తాన్ని ఐదేళ్ల వరకు దాచి, ఆ తర్వాత శుద్ధి చేసి పారవేస్తాం. ఎప్పుడు, ఎలా పారవేశామో అడిగితే చెబుతాం." మొదట "జీవ నమూనాల పర్యావరణహిత విసర్జన" అని రాసిందెవరో కాదు, నేనే. టీచరు గారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

7. ఆరు నెలలు వీటో లేకుండా నడపండి

మొదటి ఆరు నెలలు ఈ జవాబులను బట్టి ఏ ప్రపోజల్‌నీ తిరస్కరించకండి. అడగండి, నోట్ చేయండి, మినిట్స్‌లో రాయండి. మొదటి నెల జవాబులు "వర్తించదు, వర్తించదు, వర్తించదు" అని వచ్చాయి. కోపం తెచ్చుకోకుండా ఒక్కొక్కరికీ ఒకటే తిరిగి రాశాం: "ట్యూబుల సంఖ్య దయచేసి తెలియజేయండి." సంఖ్య రాయాలంటే లెక్కపెట్టాలి. లెక్కపెట్టాక ముగ్గురు పీఐలు వాళ్లంతట వాళ్లే తగ్గించుకొచ్చారు.

ఆరు నెలల తర్వాత బృందం మళ్లీ కూర్చోవాలి. ఏ ప్రశ్నకి ఎవరూ పనికొచ్చే జవాబు రాయలేదో దాన్ని తీసేయండి లేదా మార్చండి. ఏడాదికోసారి నాలుగు అంకెలు నోటీసు బోర్డు మీద పెట్టండి: నడుస్తున్న ఫ్రీజర్లు, గడువు దాటిన శాంపిల్ డబ్బాలు, కాలం తీరి పారేసిన కిట్లు, ఫోన్‌లో ముగిసిన విజిట్లు. పెరిగినా సరే పెట్టండి. మా కిట్ల అంకె మొదటి ఏడాది పెరిగింది, ఎందుకంటే అంతకుముందు ఎవరూ లెక్కపెట్టలేదు.

ప్రాజెక్ట్ బి డబ్బాల సంగతి. వాటి పీఐ రిటైరై వేరే ఊళ్లో స్థిరపడ్డారు. కన్సెంట్ గడువు దాటిందని తేలాక కమిటీ తీర్మానంతో ఆటోక్లేవ్ చేయించి పంపించేశాం. మిగతావి సర్దితే మూడో ఫ్రీజర్ ఖాళీ అయింది. ప్లగ్ తీసి, తలుపు తెరిచి ఉంచి, కింద రెండు బకెట్లు పెట్టి టెక్నీషియన్ ఇంటికెళ్లాడు. తెల్లారేసరికి రెండూ నిండి పొంగాయి.